కాలి ఎముకకు రాడ్డు: మోకాలి చిప్ప పైనుంచి వేయించాలా, కింద నుంచి వేయించాలా?

ఒంగోలు_శీను

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 27 ఏళ్లు, టైల్స్ మేస్త్రీ. బండి మీంచి పడి కుడి కాలి ఎముక మోకాలి కింద విరిగింది. చర్మం చీలలేదు. ఇద్దరు డాక్టర్లకు ఎక్స్‌రే చూపించాం. ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేయాల్సిందేనని ఇద్దరూ అన్నారు. ఒకాయన మోకాలి చిప్ప పైనుంచి చిన్న కోత పెట్టి వేస్తానన్నారు. రెండో ఆయన ఎప్పటిలాగే చిప్ప కింద నుంచి వేస్తానని, పైనుంచి వేస్తే కీలు లోపలి గుజ్జు పాడయ్యే ప్రమాదం ఉందని చెప్పారు.

వాడి పనంతా మోకాళ్ల మీద కూర్చుని చేసేదే. మోకాలు నొప్పి పెడితే బతుకుతెరువు పోయినట్టే. అమ్మేమో పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటోంది. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు కాస్త అర్థమయ్యేలా చెప్పండి.

ఆర్థో_గుంటూరు

శీను గారూ, ముందు విరిగిన చోటు సరిగ్గా చెప్పండి. మోకాలి నుంచి చీలమండ దాకా ఉన్న ఎముకను మూడు భాగాలు అనుకుంటే, పై భాగంలో విరిగిందా, మధ్యలోనా? జవాబు దీన్ని బట్టే ఉంటుంది.

ఇంకొకటి, ఇది ఆపరేషన్ కంటే ముందు మాట. ఈ రోజూ రేపూ అతని కాలి మీద ఒక కన్నేసి ఉంచండి. నొప్పి మాత్రలకు, ఇంజెక్షన్లకు లొంగకుండా నొప్పి గంటగంటకూ పెరుగుతున్నా, పిక్క రాయిలా గట్టిపడినా, కాలి వేళ్లను మీరు మెల్లగా పైకి వంచగానే ప్రాణం పోయినట్టు అరిచినా, వేళ్లు తిమ్మిరెక్కినా వెంటనే డాక్టర్‌ను పిలవండి. తెల్లారేదాకా ఆగొద్దు. పిక్కలో ఒత్తిడి పెరిగి కండరాలకు రక్తం అందకపోతే గంటల్లోనే కండరం చచ్చిపోతుంది. ఈ ఎముక విరిగినప్పుడు మేం అన్నిటికంటే భయపడేది దానికే.

ఒంగోలు_శీను

థాంక్స్ సార్. రిపోర్టులో ప్రాక్సిమల్ థర్డ్ అని రాశారు. నొప్పి ఉంది కానీ ఇంజెక్షన్ ఇచ్చాక నిద్రపోయాడు. వేళ్లు కదుపుతున్నాడు.

ఆర్థో_గుంటూరు

మంచిది. ప్రాక్సిమల్ థర్డ్ అంటే ఎముకలో మోకాలి వైపు ఉండే పై మూడో వంతు. అయితే వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

టిబియా, అంటే మోకాలి నుంచి చీలమండ దాకా ఉన్న ఈ ఎముక, లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది. మధ్యలో ఆ గొట్టం సన్నం, మోకాలి దగ్గరకు వచ్చేసరికి వెడల్పు. మధ్యలో విరిగితే రాడ్డు గొట్టంలో బిగుతుగా దిగుతుంది, దిగుతూనే రెండు ముక్కలనూ ఒక వరసలోకి తెస్తుంది. పై భాగంలో విరిగితే రాడ్డు చుట్టూ ఖాళీ మిగులుతుంది. ముక్క ఎటు ఒరిగినా రాడ్డు దాన్ని ఆపలేదు.

చిప్ప కింద నుంచి రాడ్డు దించాలంటే మోకాలిని 90 డిగ్రీలు దాటి మడవాలి. లేకపోతే చిప్ప దారికి అడ్డమొస్తుంది. అలా మడవగానే తొడ ముందు కండరం బిగుసుకుని, చిప్ప కింది టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) పై ముక్కను పట్టి లాగుతుంది. విరిగిన చోట ఎముక ముందుకు పొడుచుకొస్తుంది. సాధారణంగా పక్కకు కూడా ఒరిగి, మోకాలు లోపలికి వాలినట్టు అవుతుంది. ఆ వంకరలోనే రాడ్డు దిగి, స్క్రూలు బిగిస్తే, ఎముక వంకరగానే అతుక్కుంటుంది.

ఇది చిన్న సమస్య కాదు. 1995లో అమెరికా నుంచి వచ్చిన ఒక పేపర్‌లో, పై మూడో వంతు విరుపులకు ఇలా రాడ్డు వేసినవాళ్లలో 84 శాతం మందికి ఐదు డిగ్రీలో అంతకంటే ఎక్కువో వంకర మిగిలింది. ఈ భాగంలో అసలు రాడ్డు వేయొచ్చా అని అప్పట్లో సర్జన్లే వెనకాడారు. మరుసటి ఏడాదే టోర్నెట్టా, కొలిన్స్ ఒక మార్గం చూపించారు: మోకాలిని దాదాపు చాపి, 15 డిగ్రీలు మాత్రమే వంచి రాడ్డు వేయడం. కాలు చాచి ఉంటే తొడ కండరం వదులుగా ఉంటుంది, పై ముక్కను లాగేది ఏదీ ఉండదు. వాళ్లు చిప్ప పక్కన కీలు తెరిచి చేశారు. తర్వాత వచ్చినవాళ్లు చిప్పకు పైన చిన్న కోత పెట్టి, తొడ కండరపు టెండన్‌ను నిలువునా చీల్చి, చిప్ప వెనక నుంచి ఒక గొట్టం దించి, ఆ గొట్టంలోంచే పనంతా చేసే పద్ధతి తెచ్చారు. మీకు మొదటి డాక్టర్ చెప్పింది ఇదే, సుప్రాపటెల్లార్ అంటారు.

రాడ్డు ఎముకలోకి దిగే చోటు మాత్రం రెండు పద్ధతుల్లోనూ ఒకటే. మారేది అక్కడికి చేరే దారి, కాలు ఉంచే తీరు.

మీ తమ్ముడికి పై మూడో వంతు కాబట్టి నా ఓటు పైనుంచి వేయడానికే.

విశాఖ_ఎముకల_డాక్టర్

గుంటూరు సార్ చెప్పిన ఎముక లెక్కతో నాకు పేచీ లేదు. కానీ చదివేవాళ్లకు చిప్ప కింద నుంచి వేయడం పాతబడిన తప్పుడు పద్ధతి అనిపించకూడదు. మన జిల్లాల్లో రోజూ వచ్చే టిబియా విరుపుల్లో చాలావరకు మధ్య భాగానివే. వాటికి కింద నుంచి వేస్తే వచ్చే నష్టం ఏమీ లేదు. సామాను అందరి దగ్గరా ఉంది, చేతులకు అలవాటు ఉంది, కీలు లోపలికి వెళ్లే పని లేదు.

పై భాగంలో విరిగినా కింద నుంచి తిన్నగా వేసే ఉపాయాలు ఉన్నాయి. రాడ్డు దించే చోటును కాస్త బయటి వైపుకు జరపడం ఒకటి. రాడ్డు ఎటు పారిపోతుందో అటువైపు ముందే ఒక స్క్రూ అడ్డం పెట్టడం ఇంకొకటి, క్రెటెక్ బృందం 1999లో దీన్ని వివరంగా రాసింది. పై ముక్కలో రాడ్డుకు వెనక ఒకటి, బయటి వైపు ఒకటి పెడితే రాడ్డు ఆ ఖాళీలోకి జారలేదు. చిన్న ప్లేటుతో ముక్కలను ముందే పట్టి ఉంచి రాడ్డు దించేవాళ్లూ ఉన్నారు. నేను ఇవన్నీ వాడతాను.

ఆర్థో_గుంటూరు

> పై భాగంలో విరిగినా కింద నుంచి తిన్నగా వేసే ఉపాయాలు ఉన్నాయి

నిజమే సార్, కాదనను. పైనుంచి వేసినప్పుడు కూడా అడ్డు స్క్రూ పెట్టాల్సిన కేసులు ఉంటాయి. కాలు చాపినంత మాత్రాన ఎముక దానంతట అదే కుదురుకోదు. కానీ మడిచిన కాలిలో ఎముకను పట్టి ఉంచడానికి ఒక మనిషి, సి-ఆర్మ్ (ఆపరేషన్ బల్ల దగ్గరే ఎక్స్‌రే చూపించే మిషన్) తిప్పడానికి ఒక మనిషి, మధ్యలో ఎముక జారితే మళ్లీ మొదలు. చాచిన కాలిలో ఎముకను సరిచేసి, అలా బల్ల మీదే ఉంచి, ముందు నుంచీ పక్క నుంచీ సి-ఆర్మ్‌లో చూసుకోవచ్చు. పాదం ఎటు తిరిగి ఉందో రెండో కాలితో పోల్చుకోవడం కూడా సులువు. రాత్రిపూట చేతికింద ఒక్క హౌస్ సర్జనే ఉండే చోట ఇది చాలా పెద్ద తేడా.

కర్నూలు_పీజీ

సార్లిద్దరికీ నమస్కారం. శీను అన్న అడిగిన గుజ్జు సంగతి ఎవరూ ముట్టుకోలేదు. నాకూ అదే సందేహం. చిప్పకూ తొడ ఎముకకూ మధ్యలోంచి ఇనప గొట్టం దిగుతుంది కదా. కార్టిలేజ్, అంటే ఆ గుజ్జు, నలగదా? ఓపెన్ ఫ్రాక్చర్ (చర్మం చీలిన విరుపు) అయితే చీము మోకాలి కీలులోకి పాకదా?

ఆర్థో_గుంటూరు

మంచి ప్రశ్న తమ్ముడూ. గొట్టం దిగినప్పుడు చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది, అది నిజం. మృతదేహాల మీద కొలిచి చూసినప్పుడు ఆ ఒత్తిడి కార్టిలేజ్ కణాలు దెబ్బతినే స్థాయికి చేరలేదు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కీలులో కెమెరా పెట్టి చూసిన చిన్న అధ్యయనాల్లో కొద్దిమందికి చిప్ప వెనక పైపై మార్పులు కనిపించాయి, ఎక్కువమందికి కనిపించలేదు. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత కీలు ఎలా ఉంటుందో తేల్చేంత కాలం ఈ పద్ధతి వచ్చి ఇంకా గడవలేదు. రోగికి నేను ఈ ముక్క దాచకుండా చెబుతాను.

గుజ్జు పాడయ్యేది ఎక్కువగా చేతి తొందర వల్ల. గొట్టం పూర్తిగా దిగి ఎముకను తాకాకే డ్రిల్ తిప్పాలి. రీమర్ (ఎముక లోపలి గొట్టాన్ని వెడల్పు చేసే పనిముట్టు) తిరుగుతున్నప్పుడు ఇనప గొట్టం వెనక్కి జరగకూడదు, అందుకే దాన్ని పిన్నుతో తొడ ఎముకకు బిగించే ఏర్పాటు కొన్ని సెట్లలో ఉంటుంది. అయిపోయాక సెలైన్‌తో కీలును బాగా కడగాలి. ఎముక పొడి లోపల మిగిలిపోతే మోకాలు బిగుసుకుంటుంది. చిప్ప బిగుతుగా ఉండి పక్కకు కదలకపోతే, చిప్ప వెనక ముందే అరుగుదల ఉంటే, అదే కాలికి మోకీలు మార్పిడి జరిగి ఉంటే నేను పైనుంచి వెళ్లను.

చీము గురించి: ఓపెన్ ఫ్రాక్చర్లలో పైనుంచి వేసినా కీలు ఇన్ఫెక్షన్లు ఎక్కువ కాలేదని అమెరికా ట్రామా సెంటర్ల లెక్కలు చెబుతున్నాయి. అయినా గాయం మురికిగా ఉంటే ముందు కడిగి, చచ్చిన కండరం తీసేసి, శుభ్రం అయ్యాకే రాడ్డు. ఏ దారిలో వేసినా ఇది తప్పదు.

ఓటీ_రమణ

నేను ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్‌ని. డాక్టర్లు చెప్పని ఒక మాట చెబుతాను. పైనుంచి వేయాలంటే పొడుగు సామాను కావాలి. చిప్ప మీదుగా వెళ్లాలి కాబట్టి గొట్టం, పొడుగు జిగ్ (రాడ్డును పట్టి దించే చట్రం), పొడుగు రీమర్ అన్నీ వేరు. మామూలు సెట్‌తో పైనుంచి వేద్దామని మొదలుపెడితే మధ్యలో పొడవు చాలక ఇబ్బంది. చిన్న ఊళ్లలో ఈ సెట్ ఆస్పత్రిలో ఉండదు, కంపెనీ డీలర్ ఆ రోజుకు తెచ్చిస్తాడు. కాబట్టి శీను అన్నా, "సార్, సుప్రాపటెల్లార్ సెట్ పూర్తిగా వస్తుందా, ఈ మధ్య మీరు చేసినవి ఉన్నాయా" అని అడగండి. మంచి డాక్టర్ ఎవరూ ఏమీ అనుకోరు.

రాడ్డు_కాలు_నాగేశ్వర్

డాక్టర్ని కాదు, రాడ్డు వేయించుకున్నవాణ్ణి. నాకు మధ్యలో విరిగింది, చిప్ప కింద నుంచి టెండన్ చీల్చి వేశారు. ఎముక తిన్నగా అతుక్కుంది, నడక, బండి, పొలం పని అన్నీ మామూలే. కానీ గుడిలో మోకాళ్ల మీద వంగి దణ్ణం పెట్టాలంటే చిప్ప కింద సూది పెట్టినట్టు ఉండేది. మచ్చ పక్కన చర్మం ఇప్పటికీ మొద్దుగా ఉంటుంది. తర్వాత రాడ్డు తీయించాను. నొప్పి బాగా తగ్గింది కానీ మొత్తం పోలేదు. మీ తమ్ముడి పని మోకాళ్ల మీదే అన్నారు కాబట్టి రాస్తున్నా.

విశాఖ_ఎముకల_డాక్టర్

నాగేశ్వర్ గారూ, మీరు చెప్పింది చాలామంది చెప్పేదే. 1997లో కోర్ట్-బ్రౌన్ బృందం 169 మందిని చూస్తే సగానికి పైగా, 56 శాతం మందికి మోకాలి నొప్పి ఉంది. నొప్పి ఉన్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందికి అది మోకాళ్ల మీద కూర్చున్నప్పుడు వచ్చేది. రాడ్డు తీయించుకున్నవాళ్లలో పూర్తిగా నొప్పి పోయింది సుమారు పావువంతు మందికే, ఎక్కువమందికి కొంత తగ్గింది.

టెండన్‌ను చీల్చడం వల్లే నొప్పి అని చాలాకాలం అనుకున్నాం. ఫిన్లాండ్‌లో టెండన్ చీల్చి కొందరికి, పక్కనుంచి వెళ్లి కొందరికి వేసి 2002లో పోల్చి చూశారు. నొప్పిలో తేడా రాలేదు. అంటే కారణం ఒక్కటి కాదు. చిప్ప కింది కొవ్వు పొర దెబ్బతినడం, రాడ్డు కొన ఎముక పైకి పొడుచుకుని ఉండటం, తొడ కండరం నీరసపడటం, చర్మానికి స్పర్శ ఇచ్చే సన్న నరం తెగడం, అన్నీ కలుస్తాయి. మీ మచ్చ పక్కన మొద్దుబారింది ఆ నరం వల్లే.

అబర్డీన్_తెలుగమ్మాయి

నేను స్కాట్లాండ్‌లో ఆర్థో వార్డులో నర్సుని. శీను గారి తమ్ముడి ప్రశ్నకు దగ్గరగా ఉన్న పరీక్ష ఇక్కడే జరిగింది. అబర్డీన్ వాళ్లు రోగులను ఊరికే నొప్పి ఉందా అని అడిగి వదల్లేదు. మోకాళ్ల మీద కూర్చోబెట్టి, మోకాలి కింద బరువు తూచే మిషన్ పెట్టి, ఆపరేషన్ అయిన కాలి మీద ఎంత బరువు మోపగలరో కొలిచారు. పైనుంచి రాడ్డు వేసినవాళ్లు ఆ మోకాలి మీద ఎక్కువ బరువు మోపగలిగారు, మోకాలి ముందు వైపు నొప్పి కూడా వాళ్లలో తక్కువ. 2019లో బోన్ అండ్ జాయింట్ జర్నల్‌లో వచ్చింది.

మన ఇళ్లలో కింద కూర్చునేది ఎక్కువ. పీట, చాప, నమాజ్, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి. ఇక్కడి కుర్చీల మనుషుల కంటే మనవాళ్లకే ఈ పరీక్ష ఎక్కువ అవసరం అనిపిస్తుంది నాకు. మన దగ్గర కూడా ఎవరైనా ఇలా కొలిచి రాస్తే ఎంత బాగుండు.

కర్నూలు_పీజీ

మేడమ్, థాంక్స్. అంతకుముందు 2016లో అమెరికాలో జరిగిన చిన్న పరీక్షలో రెండు పద్ధతుల మధ్య నొప్పిలో పెద్ద తేడా కనిపించలేదని చదివాను. మరి ఏది నమ్మాలి?

ఆర్థో_గుంటూరు

రెండూ నమ్మొచ్చు. మొదటిది తక్కువమందితో చేసిన తొలి ప్రయత్నం, తేడా ఉన్నా పట్టుకునేంత సంఖ్య లేదు. తర్వాత వచ్చినవి పైనుంచి వేసే పద్ధతి వైపు కాస్త మొగ్గాయి. నొప్పి విషయంలో మొగ్గు ఉంది, గట్టి తీర్పు కాదు. ఎముక తిన్నగా రావడంలో మాత్రం నాకు అనుమానం లేదు. చీలమండ దగ్గరి విరుపుల్లో కూడా ఇదే కనిపించింది. 2016లోనే జర్నల్ ఆఫ్ ఆర్థోపెడిక్ ట్రామాలో వచ్చిన పేపర్‌లో కింది భాగం విరుపులకు చిప్ప కింద నుంచి వేసినవాళ్లలో 26.1 శాతం మందికి ఐదు డిగ్రీలో అంతకు మించో వంకర మిగిలితే, పైనుంచి వేసినవాళ్లలో 3.8 శాతం మందికే మిగిలింది. అది పాత కేసుల ఫైళ్లు తిరగేసి తీసిన లెక్కే అనుకోండి, అయినా తేడా పెద్దది.

విశాఖ_ఎముకల_డాక్టర్

ఇంకో మాట కూడా రోగికి ముందే చెప్పాలి. మన దగ్గర కుర్రవాళ్లు ఎముక అతుక్కున్నాక రాడ్డు తీయించుకుంటామంటారు. పైనుంచి వేసినా, తీసేటప్పుడు చాలామంది సర్జన్లు చిప్ప కింద నుంచే వెళతారు. అంటే ఏ కోత తప్పించుకున్నామో అదే తర్వాత వస్తుంది. కాబట్టి ఇబ్బంది లేకపోతే రాడ్డు తీయించకండి. దాని మానాన దాన్ని వదిలేయొచ్చు.

ఒంగోలు_శీను

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ దణ్ణాలు. అమ్మకు చదివి వినిపించాను. పుత్తూరు మాట ఇంకా అంటూనే ఉంది. ఏం చెప్పమంటారు?

విశాఖ_ఎముకల_డాక్టర్

అమ్మను కోప్పడకండి. తరాలుగా జనం నమ్మిన చోటు అది. ఎముక కదలకుండా చిన్న పగులు మాత్రమే అయితే ఏ కట్టుకైనా అతుక్కోవచ్చు. మీ తమ్ముడిది పక్కకు జరిగిన విరుపు, పైగా మోకాలి కిందే. బయట కట్టు ఆ పై ముక్కను పట్టి ఉంచలేదు. వాపు ఉన్న కాలికి బిగుతుగా కట్టు కడితే రక్తం ఆగే ప్రమాదం కూడా ఉంది. పొట్టిగా, వంకరగా అతుక్కున్న కాలును మళ్లీ విరగ్గొట్టి సరిచేయడం ఇప్పటి ఆపరేషన్ కంటే ఎంతో కష్టం. అమ్మకు ఎక్స్‌రే వెలుతురులో పెట్టి చూపించండి. విరిగిన రెండు కొనలూ ఎంత దూరం జరిగాయో ఆమె కళ్లతో చూస్తే అర్థమవుతుంది.

ఒంగోలు_శీను

ఆపరేషన్ అయింది. పైనుంచి వేసే డాక్టర్ దగ్గరే చేయించాం. రమణ అన్న చెప్పినట్టు అడిగితే సెట్ ముందురోజే వచ్చిందని, ఈ పద్ధతి తాను మామూలుగా చేసేదేనని చెప్పారు. చిప్ప పైన రెండు అంగుళాలు కూడా లేని కట్టు, కింద స్క్రూల దగ్గర చిన్న కుట్లు. వాడు కాలు ఎత్తుతున్నాడు. తర్వాత తీసిన ఎక్స్‌రేలో మేం ఏం చూడాలి సార్? మళ్లీ పనికి ఎప్పుడు వెళ్లొచ్చు?

ఆర్థో_గుంటూరు

చాలా సంతోషం. ఎక్స్‌రేలో మూడు చూడమని మీ డాక్టర్‌నే అడగండి. ముందు నుంచి తీసిన దాంట్లో, పక్క నుంచి తీసిన దాంట్లో ఎముక గీత ఐదు డిగ్రీల లోపు వంకరతో తిన్నగా ఉందా. రాడ్డు పై కొన ఎముక లోపలే ఉందా, కీలులోకి పొడుచుకొచ్చిందా. పై ముక్కలో స్క్రూలు వేరువేరు దిశల్లో ఉన్నాయా, ఈ భాగంలో అన్నీ ఒకే వైపు ఉంటే పట్టు చాలదు. నాలుగోది ఎక్స్‌రేలో కనపడదు: మంచం మీద రెండు కాళ్లూ చాపించి, చిప్పలు పైకి చూస్తుండగా రెండు పాదాలూ ఒకేలా తిరిగి ఉన్నాయో లేదో మీరే చూసుకోవచ్చు. సిగరెట్ అలవాటు ఉంటే ఎముక అతుక్కునేదాకా పూర్తిగా మానిపించండి. ఈ ఎముకకు రక్తం అందేదే తక్కువ, పొగ దాన్ని ఇంకా తగ్గిస్తుంది.

ఫిజియో_లక్ష్మి

శీను గారూ, పని సంగతి నేను చెబుతాను. మర్నాటి నుంచే మోకాలు మడిచి చాపడం, చీలమండ ఆడించడం, తొడ బిగించి పట్టి వదలడం మొదలుపెట్టించండి. తొడ కండరం టెండన్‌ను చీల్చి వెళ్లారు కాబట్టి తొడ నీరసపడుతుంది, దాన్ని వదిలేస్తే చిప్ప నొప్పి తప్పదు. మోకాలి కింద దిండు పెట్టి పడుకోబెట్టకండి, మోకాలు పూర్తిగా చాపలేకుండా బిగుసుకుపోతుంది. కాలి మీద ఎంత బరువు ఎప్పుడు మోపాలో మీ సర్జన్ చెప్పినట్టే చేయండి, పై భాగం విరుపులకు కొందరు మెల్లగా పెంచమంటారు.

ఎముక అతుక్కోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మోకాళ్ల మీద కూర్చోవడం మాత్రం కుట్లు మాని, ఎక్స్‌రేలో అతుకు కనిపించాక, మంచం మీద మెత్తటి పరుపుపై కాసేపు, తర్వాత చాప మీద, ఆ తర్వాతే గచ్చు మీద. పనిలోకి వెళ్లిన రోజు నుంచి మోకాలి ప్యాడ్లు కట్టుకుని తీరాలి. టైల్స్ పనివాళ్లలో చాలామంది బరువని వాటిని పక్కన పడేస్తారు, రాడ్డు లేనివాళ్లకు కూడా అది మంచిది కాదు. మొదట్లో గోడ టైల్స్ పని దొరికితే నిలబడి చేసుకోవచ్చు, పని ఇప్పించేవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.